సఖి, చెలికత్తె, మితానిన్

బస్తరు సీమకు దక్షిణపు కొసన, నేటి సుక్మా జిల్లా కుంట ప్రాంతమున, భేజ్జి అను చిన్న గ్రామము కలదు. పత్రికలు చదువువారు ఈ పేరు 2017వ సంవత్సరము మార్చి 11వ తేదీన వినియుందురు. నాడు ఆ సమీపమున జరిగిన దాడిలో పండ్రెండుగురు కేంద్ర రిజర్వు పోలీసు జవానులు మరణించిరి. సాహిత్యమునకు సంబంధించినంతవరకు ఈ ఊరి విశేషము వేరు. ఉత్తరమున హల్బీ, గోండీ భాషలు వినబడు బస్తరు ఇక్కడికి వచ్చుసరికి దోర్లీలోనికి, తెలుగులోనికి జారిపోవును. బడిలో హిందీ, ఇంటిలో దోర్లీ, శబరి ఒడ్డున కుంట అంగడిలో తెలుగు. ఒక కథ ఈ మార్గమున దక్షిణమునకు నడచివచ్చినయెడల దానిలోని మనుష్యులను ఏ పేర్లతో పిలువవలెనను చిక్కు ఇక్కడనే మొదలగును.

ఉదాహరణమునకు ఒక్క మాట చాలును. ఇద్దరు స్త్రీలు ఒకరినొకరు ప్రాణముగా చూచుకొనుచున్నారని కథలో ఉన్నది. హిందీ ‘సహేలీ’ అనును. ఛత్తీస్‌గఢీ ‘మితానిన్’ అనును. తెలుగున ఏమనవలెను? ‘సఖి’ యన్నచో కావ్యవాసన. ‘నెచ్చెలి’ యన్నచో ఇద్దరును ఒక అంతస్తువారు. ‘చెలికత్తె’ యన్నచో వెంటనే వింజామర కంటబడును. చెలి అను మాటనుండి పుట్టినదైనను చెలికత్తె మన ప్రబంధములలో రాచకన్నెకు చందనము పూయుటకు, చిలుకను పంపుటకు, విరహమునకు శీతలోపచారములు చేయుటకు మాత్రమే పనికివచ్చినది. ఆమెకు విరహము కలిగినట్లు ఏ కవియు వ్రాయలేదనుట సాహసమే గాని, కలిగినచోట్లు వ్రేళ్ళమీద లెక్కింపవచ్చును. స్నేహమును తెలుపు మాటలోనే యజమానురాలు, దాసి అను భేదము ఇమిడిపోయిన భాష మనది. స్త్రీల పరస్పర ప్రేమను గూర్చిన పాత కథలను చదువునపుడు ఈ సంగతి మరువరాదు. ఆ కథలలో ప్రేమకంటె ముందుగా అంతస్తు ప్రశ్న వచ్చును.

అట్టి కథలలో తలమానికమైనది సోమదేవభట్టు కథాసరిత్సాగరమున ఉన్నది. పదునొకండవ శతాబ్దపు ఉత్తరార్ధమున, కాశ్మీరరాజు అనంతుని దేవి సూర్యవతి వినోదార్థము ఈ గ్రంథము రచింపబడినది. వేదము వేంకటరాయశాస్త్రిగారి తెనిగింపు వలన ఇది తెలుగువారికి పరాయిది కాదు. తక్షశిలను ఏలు కళింగదత్తుడు బౌద్ధుడు. కుమారుని కోరియుండగా కూతురు పుట్టినది. రాజు ఖిన్నుడై విహారమునకు పోయి ధర్మబోధ విని మనస్సు కుదుటపరచుకొనెను. ఆ కూతురు కళింగసేన. ఆమె మేడపై ఆడుకొనుచుండగా ఆకాశమార్గమున పోవుచున్న సోమప్రభ చూచినది. సోమప్రభ మయాసురుని కుమార్తె, కుబేరుని కొడుకగు నలకూబరుని భార్య. చూచిన క్షణముననే పూర్వజన్మస్నేహము వంటిదేదో ఆమెను పట్టుకొన్నది. మానుషరూపమున క్రిందికి దిగి వచ్చినది.

కౌగిలింతలు, కుశలప్రశ్నలు ముగియగానే సోమప్రభ అడిగిన మొదటి ప్రశ్న గమనింపదగినది. నీవు రాజపుత్రికవు, రాజకులమువారు స్వల్పాపరాధమునకే కోపింతురు, నీతో నెయ్యము ఎట్లు నిలుచును అని ఆమె సంశయము. సంశయమునకు దృష్టాంతముగా ఒక రాజకుమారుని కథ చెప్పినది: తన ప్రాణము కాపాడిన వర్తకపుత్రునే అతడు చంపబోయినాడట. ఎగురగలిగినది, మాయలు తెలిసినది, దేవతల కోడలు. అట్టిది తక్షశిలలోని ఒక బాలికకు భయపడుచున్నది. భయము బాలికకు కాదు, ఆ బాలిక పుట్టిన కులమునకు. కళింగసేన దానికి ప్రత్యుత్తరముగా మరియొక కథ చెప్పినది. అట్టి రాజులు రాజులు కారు, పిశాచములు అని ఆమె వాదము. ప్రేమ ఒప్పందమునకు పూర్వము ఇద్దరు స్త్రీలు రాజస్వభావమును గూర్చి ఇట్లు న్యాయవాదులవలె కథలతో వాదించుకొనుట సోమదేవుని చమత్కారము. దీనిని వట్టి పిట్టకథల గుత్తిగా భావించి దాటిపోవు పాఠకులు మూలమును పోగొట్టుకొందురు.

మరునాటినుండి సోమప్రభ ఒక బుట్టతో వచ్చుచుండెను. బుట్టలో మయుడు నేర్పిన యంత్రపు బొమ్మలు. కీలు నొక్కగనే ఒకటి ఎగిరిపోయి పూలదండ తెచ్చును, ఒకటి నీరు తెచ్చును, ఒకటి నాట్యమాడును, ఒకటి మాటలాడును. వానిని చూచుచు కళింగసేన అన్నము మరచెను. తల్లి తారాదత్త వ్యాధి యేమోనని వైద్యుని పిలిపించినది. వైద్యుడు పరీక్షించి, ఇది వ్యాధి కాదు, సంతోషము అని చెప్పి పోయినాడు. ఈ వైద్యుని వంటి బుద్ధిమంతుడు తరువాతి శతాబ్దములలో పుట్టినట్లు కానరాదు. తల్లిదండ్రులకు ఈ స్నేహితురాలిని పరిచయము చేయుచోట వచ్చు మాట ‘స్వయంవరసఖి’. వరుని ఎన్నుకొనుటకు రాజకన్యలకు స్వయంవరము కలదు. సఖిని ఎన్నుకొనుటకును కలదని చెప్పిన మాట యిది. సఖులను తండ్రియే నియమించి, జీతమిచ్చి, కూతురిచుట్టు కూర్చుండబెట్టు లోకములో తానై ఎన్నుకొన్న సఖి యనుట చిన్న విషయము కాదు.

ఆ తరువాత సోమప్రభ తన అక్క స్వయంప్రభ యొద్దకు కళింగసేనను తీసికొనిపోయినది. ఆమె పెట్టిన ఫలము తిన్నవారికి ముసలితనము రాదట. స్వయంప్రభ అను పేరు మనకు క్రొత్త కాదు. వాల్మీకి కిష్కింధాకాండలో, దప్పిక గొన్న వానరులు చొచ్చిన బిలములో ఒంటరిగా తపస్సు చేసికొనుచున్నది ఆమెయే. అక్కడ ఆమె మేరుసావర్ణి కూతురు, హేమ అను అప్సరస చెలిమికై ఆ బంగారు భవనమును కాచుచున్నది. తల్లిదండ్రులు మారినను ఈ పేరు స్త్రీల మైత్రిని విడువలేదు.

కళింగసేనకు వివాహప్రస్తావన రాగానే కథ రంగు మారును. శ్రావస్తిరాజు ప్రసేనజిత్తు వృద్ధుడు. సోమప్రభయే ఆమెను ఆకాశమున తీసికొనిపోయి ఆ ముసలివానిని దూరమునుండి చూపినది. పిదప వత్సరాజగు ఉదయనుని వృత్తాంతము చెప్పినది. ముహూర్తము మంచిది కాదు, తొందరపడకుమని వారించినది. మెట్టినింటికి నీవు పోయిన పిదప నేను అక్కడికి రాజాలను అనియు చెప్పినది. కళింగసేన వినలేదు. మంత్రి యౌగంధరాయణుని ఎత్తులు, ఉదయనుని వేషమున వచ్చిన మదనవేగుడను విద్యాధరుని మోసము, గాంధర్వవివాహము; ఇవన్నియు సోమప్రభ చెంతలేని కాలమున జరిగినవి. పెండ్లికి ముందు ఆమె హెచ్చరికగా చెప్పిన కీర్తిసేన కథ ఇక్కడ జ్ఞప్తికి వచ్చును. అత్తచేత చీకటికొట్టులో బంధింపబడిన వర్తకుల కోడలు పురుషవేషమున అడవులు దాటి, రాక్షసి మాటలు పొంచి విని రాజునకు చికిత్స చేయుట అందలి వృత్తాంతము. దేవతాస్త్రీ రాజపుత్రికకు చెప్పిన కథలో కోమటింటి కోడలి కష్టము ఉన్నది. మూడు అంతస్తుల స్త్రీలు ఒక మేడమీద కలిసిన ఘట్టము సంస్కృతకథలలో ఇంకొకటి చూపుట కష్టము. అయినను ఆ మేడక్రింద నీరు మోసిన దాసి పేరు సోమదేవుడు చెప్పలేదు. యంత్రపు బొమ్మ ఆమె పనియంతయు చేసిపెట్టినది.

బహుకాలమునకు కళింగసేన కూతురు మదనమంచుకకై సోమప్రభ మరల వచ్చి దివ్యోద్యానమొకటి నిర్మించిపోయినది. చెలి కూతురికి తోట. అంతకంటె ఆమెకు కథలో పని లేదు.

సోమదేవునకు మూలమైన బృహత్కథ పుట్టుక యొక అడవి కథ. ప్రతిష్ఠానమున సాతవాహనుని కొలువులో ఉన్న గుణాఢ్యుడు, ఆరు మాసములలో రాజునకు వ్యాకరణము నేర్పెదనన్న శర్వవర్మతో పందెమాడి ఓడెను. సంస్కృతమును, ప్రాకృతమును, దేశభాషను విడిచి వింధ్యాటవికి పోయెను. అక్కడి పైశాచిలో ఏడు లక్షల శ్లోకములు తన నెత్తుటితో వ్రాసెను. రాజు దానిని పైశాచి యని, నెత్తురని రోసి త్రోసివేయగా, కవి ఒక్కొక్క పత్రమును మృగములకు చదివి వినిపించుచు అగ్నిలో వేయుచు ఆరు లక్షలు కాల్చివేసెనట. మిగిలిన లక్షయే బృహత్కథ. పైశాచి అడవివాసుల పలుకై యుండునని కొందరు పండితుల ఊహ. ఊహ నిజమైనను కాకపోయినను ఐతిహ్యము చెప్పు సంగతి స్పష్టము: కొలువు త్రోసిపుచ్చిన భాషలో ఈ అద్భుతకథలు ముందు బ్రతికినవి. దోర్లీ మాటలాడువారి పిల్లలు బడిలో ఇంటిభాషను వాకిట విడిచి లోనికి పోవలసిన ప్రాంతమున ఈ ఐతిహ్యము పాతబడినట్లు తోచదు.

వంగభాషలో, పదునైదవ శతాబ్దమువాడగు కృత్తివాసుని పేర నిలిచిన రామాయణమున మరియొక రీతి కథ కలదు. దిలీపుడు సంతులేక గతించెను. సూర్యవంశము అంతరించినచో విష్ణువు అవతరించుటకు ఇల్లుండదు. శివుని యాజ్ఞచే ఇద్దరు విధవారాణులు పరస్పరానురాగమున కలసియుండగా ఒకతెకు గర్భము నిలిచినది. ఎముకలు లేని మాంసపుముద్దగా శిశువు పుట్టగా, అష్టావక్రుని వరముచే అతడు చక్కని రూపము పొందెను. అతడే భగీరథుడు. ఈ కథను 2000 సంవత్సరమున వెలువడిన తమ సంకలనమున రూత్ వనిత, సలీమ్ కిద్వాయీ చేర్చినప్పటినుండి దానిని స్త్రీల ప్రేమకు ప్రమాణపత్రముగా ఎత్తిచూపువారు పెరిగినారు. ప్రమాణమే, సందేహము లేదు. కాని ఆ అనుమతికి కారణమును గూడ చదువవలెను. దేవుడు వారిని దీవించినది వారు ప్రేమించుకొన్నందుకు కాదు, సింహాసనమునకు వారసుడు కావలసినందుకు. ఒక కుమ్మరి యింటి విధవలకు శివుడు ఈ యాజ్ఞ ఇచ్చియుండునా యను ప్రశ్నకు కృత్తివాసుని కథలో చోటు లేదు.

మన పింగళి సూరన ఈ దారికి చేరువగా వచ్చి వేరొకవైపు తిరిగినాడు. పదునారవ శతాబ్దపు కళాపూర్ణోదయమున కళాపూర్ణునకు తల్లి మగవాడగు మణిస్తంభుడు, తండ్రి స్త్రీయగు సుముఖాసత్తి. ఇద్దరును రూపములు మారి దంపతులైనారు. స్త్రీపురుషభేదము శిలాశాసనము కాదని ఇంత ధైర్యముగా ఆడుకొన్న తెలుగుకవి మరియొకడు లేడు. అంతస్తు దగ్గర మాత్రము ఆయనకును చేయి వణకినది. ద్వారకలోని వేశ్య కళాభాషిణి ఎన్ని విద్యలు నేర్చినను, రంభరూపమునే ధరింపగలిగినను, ఆ దేహముతో రాజునకు దేవి కాలేదు. చచ్చి మధురలాలసగా, రాచకన్యగా మరల పుట్టవలసివచ్చినది. స్త్రీ పురుషుడగుటకు ఒక్క జన్మ చాలినది. వేశ్య రాణి యగుటకు రెండు జన్మలు పట్టినవి. (కళాభాషిణి మోహించిన నలకూబరుడే సోమదేవుని కావ్యమున సోమప్రభ మగడు. ఆ పురుషుడు రెండు భాషలలోను స్త్రీల కథల నడుమ ఊరక నిలుచుండుటకే పుట్టినట్లున్నాడు.)

ఈ పాతసంప్రదాయమును మన కాలమున తిరుగవ్రాసినవాడు రాజస్థానీ రచయిత విజయదాన్ దేథా (1926–2013). జోధ్‌పూరు జిల్లా బోరుందా గ్రామమున ఉండి, కోమల్ కోఠారీతో కలిసి 1960లో రూపాయన్ సంస్థాన్ స్థాపించి, ఊరివారి నోట వినిన కథలను పదునాలుగు సంపుటముల ‘బాతాఁరీ ఫుల్‌వాడీ’గా వ్రాసెను, దాని పదవ సంపుటమునకు 1974లో సాహిత్య అకాడెమీ పురస్కారము వచ్చినది. ఆయన కథ ‘దోహరీ జూణ్’ హిందీలో ‘దోహరీ జిందగీ’ యను పేర ప్రసిద్ధము. ఇద్దరు సేఠులు ప్రాణమిత్రులు. భార్యలు గర్భవతులుగా ఉన్నపుడే వియ్యమందుదమని మాట ఇచ్చికొనిరి. ఇద్దరికిని ఆడపిల్లలే పుట్టిరి. వారిలో ఒకడు కట్నముమీది ఆశతో కూతురు పుట్టిన సంగతి దాచి, బీజాను మగపిల్లవానిగా పెంచి, తీజాతో పెండ్లి చేసెను. తొలిరాత్రి గుట్టు బయటపడినది. ఏడ్చి పుట్టింటికి పోవుటకు మారుగా తీజా ఆమెతోనే కాపురము చేయ నిశ్చయించుకొన్నది. ఊరు ఊరుకొనలేదు. ఇద్దరును వెడలిపోయి దయ్యములున్న తావున తలదాచుకొనిరి. భూతముల సర్దారు వారికి మేడ కట్టించి అభయమిచ్చెను.

కథ ఇంతటితో ముగిసిన మంచి జానపదకథ అగును. దేథా అక్కడ ఆగలేదు. భూతనాయకుని వరముచే బీజా నిజముగా పురుషుడైనది. మగదేహము రాగానే మగవాని పొగరు వచ్చినది. నిన్నటి ప్రియురాలిమీద నేడు అధికారము, బలాత్కారము. తుదకు తన వికృతమును తానే చూచుకొని, వరమును తిరిగి ఇచ్చివేసి, బీజా స్త్రీయై తీజాను చేరినది. సూరన ఆటగా ఆడిన రూపపరివర్తనము ఇక్కడ నేరపరిశోధనగా మారినది.

దేథా సేఠులను వర్ణించు తీరు అతి కఠినము. ‘దువిధా’లో పెండ్లి చేసికొని వచ్చుచున్న వర్తకుని కొడుకు దారి పొడుగున లెక్కలు వేసికొనుచుండును, చెట్టుమీది దయ్యము పెండ్లికూతురిని చూచి మనసు పారవేసికొనును. ఈయన లోకమున మనుష్యులు చిట్టాపుస్తకములు, దయ్యములు మనుష్యులు. అందుచేత ఆయన స్త్రీలకు దయ్యములు రక్షకులగుట ఆశ్చర్యము కాదు. అయినను ఒక ప్రశ్న మిగులును. బీజా తీజాలిద్దరును సేఠుల బిడ్డలు. వారికి భూతము మేడ కట్టినది, కూడు గుడ్డకు లోటు లేదు. మేడ లేని ప్రేమ ఎట్లు నిలుచునో దేథా చూపలేదు. వేరొకచోట, ‘చరణ్‌దాస్ చోర్’ కథలో, రాణి ఒక దొంగను కోరినది, దొంగ సత్యవ్రతుడు, కాదన్నాడు, చంపబడినాడు. అతనిని రక్షించుటకు ఏ భూతమును దిగిరాలేదు. హబీబ్ తన్వీర్ 1975లో ఈ కథను ఛత్తీస్‌గఢీ నటులచే నాటకముగా ఆడించినపుడు, 1982లో ఎడింబరోలో దానికి బహుమానము వచ్చినపుడు, ప్రేక్షకులు నవ్విన నవ్వులో ఈ చేదు ఉన్నది. అంతస్తులు సమానమైనచోట అద్భుతము పనిచేయును. అంతస్తు దాటవలసినచోట రాజభటులు పనిచేయుదురు. దేథా వంటి నిశితదృష్టి గలవాడు కూడ ఈ ఎల్లను ఎక్కువ తడవలు దాటలేదని చెప్పక తప్పదు.

చరిత్రలో దయ్యములు లేనిచోట ఏమైనదో చెప్పుటకు ఒక్క సంఘటన చాలును. బస్తరు ఇంకను మధ్యప్రదేశమున భాగమై యున్న కాలమున, 1987 డిసెంబరు నెలలో, ఆ రాష్ట్రపు పోలీసు పటాలమునందలి ఇద్దరు మహిళా కానిస్టేబుళ్ళు గాంధర్వపద్ధతిని వివాహమాడిరి. కళింగసేన పెండ్లికి కవి వాడిన మాటయే. వారు రాణులు కారు, సేఠుల బిడ్డలు కారు. నెలజీతముమీద బ్రతుకు చిన్న ఉద్యోగినులు. మరుసటి సంవత్సరారంభముననే వారి ఉద్యోగములు పోయినవి. మేడ పోయినది అనుటకు మేడయే లేదు. పరస్పరేచ్ఛతో కూడిన స్వలింగసంబంధము నేరము కాదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది 2018 సెప్టెంబరు 6న. అట్టివారి వివాహమునకు గుర్తింపు ఇచ్చుటకు అదే న్యాయస్థానము 2023 అక్టోబరు 17న నిరాకరించినది.

బస్తరు రాళ్ళమీద స్త్రీల పేర్లు లేకపోలేదు. నాగవంశపు రాణి గంగమహాదేవి బార్సూరులో శివాలయములు కట్టించి తెలుగున శాసనము వేయించినది. దంతెవాడ శాసనమున రాజు చెల్లెలు మాసకదేవి, పన్నులకై రైతులను అకాలమున పీడింపరాదని చాటించినది. 1323లో ఓరుగల్లు పడిన పిదప కాకతీయుల అన్నమదేవుడు ఇటు వచ్చుచుండగా దంతేశ్వరి అందెల చప్పుడు వెనుకనుండి వినబడెననియు, నదీసంగమపు ఇసుకలో చప్పుడు ఆగగా ఆయన వెనుదిరిగి చూచెననియు, దేవి అక్కడనే నిలిచిపోయెననియు ఐతిహ్యము. రాణి, రాచకూతురు, దేవత. చెలులను గూర్చి రాయి పలుకలేదు.

ఆ సంగతి ఆచారము పలికినది. ఛత్తీస్‌గఢ్ పల్లెలలో ‘మితాన్’ కట్టుట యను వాడుక కలదు, ఆడువారైనచో మితానిన్. రాఖీపూర్ణిమ మరునాడు మొలకలెత్తిన గోధుమను నీట కలిపిన పిదప బాలికలు ఆ మొలకలను ఒకరి చెవిమీద ఒకరు పెట్టి ‘భోజలీ’ అగుదురు. జగన్నాథుని ప్రసాదము పంచుకొన్నవారు ‘మహాప్రసాద్’; గంగనీరు పంచుకొన్నవారు ‘గంగాజల్’. అటుపిమ్మట వారు ఒకరి పేరు ఒకరు పలుకరు, ఆ బంధము పేరుతోనే పిలుచుకొందురు. ఒకరి తల్లిదండ్రులు మరియొకరికి తల్లిదండ్రులు. చావు పుట్టుకలలో చుట్టరికపు బాధ్యతలు ఉండును. అన్నిటికంటె ముఖ్యము, దీనికి కులము అడ్డు కాదు. ఉత్తరాంధ్రమున ‘నేస్తము కట్టుకొనుట’ అను మాట దీనికి చుట్టమే. సోమప్రభ భయపడి అడిగిన ప్రశ్నకు, అనగా అంతస్తు వేరైనవారి నెయ్యము ఎట్లు నిలుచునను ప్రశ్నకు, ఈ పల్లెలు పిడికెడు మొలకలతో సమాధానము చెప్పినవి.

ఇది ప్రేమయా, మైత్రియా యని తూచువారు ఉభయపక్షములను ఉన్నారు. మితానిన్ బంధమును దాంపత్యముతో సమానము చేయుట అన్యాయము. ఆ స్త్రీలు పెండ్లిండ్లు చేసికొని, పిల్లలను కని, మెట్టినిండ్లకు పోయినవారే. అందులో అనురాగమే లేదు, వట్టి ఆచారమే యనుట అంతకంటె అన్యాయము. పేరే పలుకరానంత గౌరవము వట్టి ఆచారమున పుట్టదు. భర్త పేరు పలుకరాని లోకమున చెలి పేరును పలుకకుండుట ఎట్టి స్థానమును సూచించునో తెలుగువారికి విడమరచి చెప్పనక్కరలేదు. అనువాదకుడు ఇక్కడ ‘చెలికత్తె’ యని వ్రాసినచో ఒక్క మాటతో ఒకతెను దాసిగా చేసినవాడగును. ‘మితానిన్’ అని ఉంచి ముందుకు పోవుటయే మేలు.

2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమేర్పడిన పిదప, 2002లో ప్రభుత్వము పల్లెపల్లెకు ఒక ఆరోగ్యకార్యకర్తను ఎన్నుకొను పథకమునకు ఈ మాటనే పేరుగా పెట్టినది. రాయచూరులో, రాజమండ్రిలో, దేశమంతట అట్టి కార్యకర్తను తరువాత ‘ఆశా’ అని పిలిచినారు. ఇక్కడ మాత్రము ఆమె మితానిన్. ఆమె జ్వరపు మాత్రల సంచితో వాకిట నిలిచినపుడు ఇంటివారు పిలుచు పిలుపు, ఒకప్పుడు చెవిమీద మొలక పెట్టిన పిల్లను పిలిచిన పిలుపే.